పట్టనిది పట్టదని చెప్పే మిషన్

మిరపకాయ ఘాటుకి తుమ్ముతూ కూడా చెయ్యి వణక్కుండా సోల్డరింగ్ చెయ్యడం ఏ కాలేజీలోనూ నేర్పరు. నేను గుంటూరులో నేర్చుకున్నాను. చిన్న కంపెనీ మాది. ఎలక్ట్రానిక్ కాటాలు, జిన్నింగ్ మిల్లుల్లో పత్తి తేమ చూసే పెట్టెలు, మిర్చి కోల్డ్ స్టోరేజీల గేటు దగ్గర పెట్టే మిషన్లు తయారుచేసేవాళ్ళం. ఆ మిషన్ల లోపల నడిచే ప్రోగ్రాము రాయడం నా పని. చేరింది అక్కడే, రిటైరైంది అక్కడే.

మొన్న మా మేనకోడలికి ఇలాంటి కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. "మావయ్యా, ముందు ఏం నేర్చుకోమంటావ్?" అని అడిగింది. నేను చిప్పుల పేర్లు చెప్తాననుకుని పెన్ను తీసి కూర్చుంది. ఆ పెన్ను లోపల పెట్టవే అన్నాను. చిప్పులు ఏడాదికోసారి మారతాయి, నేను వాడినవి ఇప్పుడు తూకానికి కూడా ఎవరూ కొనరు. నాకు ఎప్పుడు ఏ జీతం పెరిగిందో, ఏ సర్క్యులర్ ఎవరు పంపారో నాకే గుర్తు లేదు, మీ కుర్రవాళ్ళకెందుకు? నేను చెప్పగలిగింది ఒక మనిషి గురించి, ఆవిడ చేతి కింద నడిచిన ఒక చిన్న డేటాబేస్ గురించి, ఒక విత్తనం బస్తా గురించి. ఈ మూడూ తెలిస్తే మిగతాది మీరే నేర్చుకుంటారు.

ఇంటర్వ్యూ

తొంభైల చివర్లో ఇంటర్వ్యూకి వెళ్ళాను. బల్లకి అవతల తెల్ల నేత చీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. సుగుణ గారు. డిజైన్ విభాగానికి పెద్ద ఆవిడే. చీరాల మనిషి, వాళ్ళ నాన్నగారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. గొంతు పెంచి మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. వినపడక "ఏంటి మేడమ్?" అని మనమే రెండోసారి అడగాలి.

"మీ పూర్తి పేరు చెప్పండి" అన్నారు.

"వెంకట సత్య సూర్య లక్ష్మీనరసింహ ప్రసాదండి."

ఆవిడ బల్ల మీదున్న కాటా డిస్‌ప్లే నా వైపు తిప్పారు. "దీంట్లో పదహారు అక్షరాలే పడతాయి. మీ పేరు పట్టదు. ఏం చేస్తారు?"

ఇదేం ప్రశ్నండీ బాబూ అనుకుని, "కుదిస్తానండి. ప్రసాద్ అని పెడతాను" అన్నాను.

"ఎవర్నడిగి?"

నేను డిస్‌ప్లే మీద గళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆవిడ నవ్వి, "మీ పేరు కాబట్టి మీకు తెలుసు. వేరేవాళ్ళ పేరైతే కుదించే ముందు వాళ్ళని అడుగుతారా, లేక మీకు తోచినట్టు కోసేస్తారా?" అన్నారు. ఇంకేం అడిగారో నాకు గుర్తు లేదు. ఉద్యోగం మాత్రం ఇచ్చారు. నా పేరు ప్రసాదై అక్కడే స్థిరపడింది, నన్ను అడిగే పెట్టారు.

ఏ డిజైన్ తెచ్చి బల్ల మీద పెట్టినా ఆవిడ మొదటి మాట ఒకటే. "ఇందులో ఎంత పడుతుంది?" మెమరీలో ఎంత, డిస్‌ప్లేలో ఎంత, సంఖ్య ఎంత పెద్దదైతే ఆగిపోతుంది. మొదట్లో మేం వెనకాల వేళాకోళం చేసేవాళ్ళం. టిఫిన్ డబ్బా తెరిచినప్పుడల్లా ఎవడో ఒకడు "ఇందులో ఎంత పడుతుంది?" అని గొంతు సన్నం చేసి అనేవాడు. ఆవిడ విని ఊరుకునేవారు.

కరెంటు తీసే ఉద్యోగం

రెండువేలు దాటాక మా యజమాని రామ్మోహనరావు గారు కోల్డ్ స్టోరేజీలకి గేటు మిషన్లు ఇస్తామని ఒప్పుకుని వచ్చారు. ఆయన అమ్మకాల్లో ఘనుడు, ఎడారిలో ఇసుక అమ్మగలడు. కాకపోతే లేని వస్తువుని ముందు అమ్మేసి తర్వాత మా దగ్గరికి వచ్చేవాడు. "సుగుణగారూ, వేల లాట్లు, ఏ లాటు ఎవరిది, ఏ గదిలో ఉంది, అమ్ముడైతే ఎవరి పేరు మీదికి మారింది, అన్నీ గేటు దగ్గరే కనపడాలి. కంప్యూటర్ పెట్టకండి, ఘాటుకీ దుమ్ముకీ ఫ్యాను ఆగిపోతోంది. మన చిన్న పెట్టెలోనే రావాలి" అన్నాడు.

మిర్చి స్టోరేజీ అంటే తెలియనివాళ్ళకి చెప్తాను. కళ్లంలో ఎండిన కాయని బస్తాలకెత్తి, రేటు వచ్చేదాకా చల్లటి గదుల్లో పెడతారు. ఒక రైతు ఒకసారి తెచ్చిన బస్తాల గుంపు ఒక లాటు. స్టోరేజీలో ఉండగానే కాయ చేతులు మారుతుంది, పేరు మారుతుంది, చివరికి లారీ ఎక్కుతుంది.

అంతకుముందు మేం సొంతంగా రాసుకున్న ఫైళ్ళ పద్ధతి ఉండేది. రాస్తుండగా కరెంటు పోతే సగం కొత్తది, సగం పాతది మిగిలి తల ప్రాణం తోకకొచ్చేది. సుగుణ గారు అరండల్‌పేటలో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి, ఎక్కడో ఎవరో రాసి ఉచితంగా పెట్టిన ఒక చిన్న డేటాబేస్ ఇంజను సోర్సు కోడ్‌ని ఫ్లాపీల్లో ఎక్కించుకుని వచ్చారు. పెద్ద డేటాబేస్‌లకి గది నిండా సర్వర్లు కావాలి. ఇది మా అరచేతి చిప్పులో ఇమిడింది. ఆ కోడ్ చదువుతుంటే ముక్కు మీద వేలేసుకున్నాను. ప్రతి లైను పక్కనా ఎందుకు అలా రాశారో ఓపిగ్గా చెప్పి పెట్టారు. ముక్కూ మొహం తెలియని ఆ మనుషుల మీద నాకు ఈ రోజుకీ గౌరవమే. మీ కోడ్ చదివి ఎవరైనా అలా అనుకోవాలంటే ఎంత కష్టపడాలో ఆలోచించుకోండి.

నమ్మే ముందు ఆవిడ దాన్ని పరీక్షించిన తీరు చూడాలి. కుర్చీ వేసుకుని ప్లగ్గు పక్కన కూర్చున్నారు. మిషన్ రాస్తున్నప్పుడల్లా స్విచ్చి ఠక్కున తీసెయ్యడం, మళ్ళీ వెయ్యడం, రికార్డు చూడటం. పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం దాకా అదే పని.

"మేడమ్, కరెంటాఫీసు వాళ్ళు ఉండగా మీకెందుకండీ ఈ శ్రమ?" అన్నాను.

"వాళ్ళు మనకి చెప్పి తియ్యరు కదా ప్రసాద్. నేనైతే ఎప్పుడు తీశానో నాకు తెలుస్తుంది" అన్నారు.

ఎప్పుడు తీసినా పాత రికార్డు మొత్తంగా ఉండేది, లేదా కొత్తది మొత్తంగా ఉండేది. సగం సగం ఒక్కసారి కూడా దొరకలేదు. సాయంత్రం లేచి నడుం పట్టుకుని, "మంచివాళ్ళు రాశారు" అన్నారు. ఆవిడ నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

చిన్న సంఖ్యల చిప్పు

ఒక్క చిక్కు మిగిలింది. ఆ ఇంజను రాసినవాళ్ళు పెద్ద పెద్ద పూర్ణాంకాలు మోసే యంత్రాల్ని దృష్టిలో పెట్టుకుని రాశారు. మా చవక చిప్పుకి, ప్రోగ్రాముని దాని భాషలోకి మార్చే కంపైలర్‌కి అంత బలం లేదు. రెండు వందల పద్నాలుగు కోట్ల చిల్లర దాకా లెక్కపెట్టగలదు, ఆపైన చేతులెత్తేస్తుంది. ఇంజనులో దానికీ దారి ఉంది. పెద్ద పూర్ణాంకాలు లేనిచోట చిన్నవాటితో నడవమని ఒక్క లైను మార్చి కంపైల్ చేసుకోవచ్చు. అలా చేస్తే తేదీల లెక్క పనిచెయ్యదు, పట్టనంత పెద్ద సంఖ్య వస్తే దశాంశ సంఖ్యగా మారిపోతుంది అని పక్కనే హెచ్చరిక కూడా రాశారు. మా చిప్పులో దశాంశ సంఖ్యకి ముందరి ఏడంకెల దాకానే నమ్మకం, చివరి అంకెలు సుమారుగా ఉంటాయి.

అందరం కూర్చుని చదివాం. తేదీలకి మేమే వేరే లెక్క రాసుకున్నాం. మిగతాదానికి ఆవిడ యథాప్రకారం అడిగారు. "ఇందులో ఎంత పడుతుంది? వీళ్ళ లాటు నంబర్లు ఎంత దాకా వెళ్తాయి?" రామ్మోహనరావు గారు స్టోరేజీల వాళ్ళని కనుక్కుని చెప్పారు. "ఎంత పెద్ద స్టోరేజీ అయినా లాట్లు లక్ష దాటవు."

లక్షెక్కడ, రెండు వందల కోట్లెక్కడ! నిశ్చింతగా డిజైన్‌కి తాళం వేశాం.

ఆయన చెప్పింది నిజమే, లాట్లు లక్ష దాటవు. కానీ గుమస్తాలు లాటు నంబరొక్కటే రాయరు. గది, అంతస్తు, వరస, లాటు, బస్తాలు, వీటి మధ్యన గీతలు పెట్టి ఒక్క గుక్కలో రాస్తారు. అది అక్కడి అలవాటు, దాన్నే నంబరు అంటారు. మా మిషన్ కీబోర్డు మీద గీత లేదు, మీటలు తగ్గితే ఖర్చు తగ్గుతుందని రామ్మోహనరావు గారు తీసేయించారు. గుమస్తాలు ఏం చేశారు? గీతలు వదిలేసి అంకెలన్నీ కలిపి కొట్టారు. పదంకెల సంఖ్య అయి కూర్చుంది. మొదటి అంకె గది నంబరు. స్టోరేజీ నింపడం ఎప్పుడూ ఒకటో గదితో మొదలవుతుంది కదా, మేం వెళ్ళి చూసిన వారమంతా మిషన్ బంగారంలా పనిచేసింది. రెండో గదిలో కొన్ని వరసల దాకా కూడా బాగానే ఉంది. అక్కడ రెండు వందల పద్నాలుగు కోట్లు దాటాయి. ఆపైన ప్రతి నంబరుకీ తోక అంకెలు చెరిగిపోవడం మొదలైంది. మిషన్ కిక్కురుమనలేదు.

"కాయ అమ్మాను, ఇత్తనం అమ్మలేదు"

మృగశిర కార్తె దాటిన రోజులు. ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీ మేనేజరు కోటేశ్వరరావు నుంచి ఫోను. ఆయన ఫోన్లో మాట్లాడితే అసలు ఫోను అవసరమే ఉండదు.

"ఏవండీ, ఇక్కడొకావిడ మీ మిషన్ తప్పంటా పొద్దుట్నుంచి గేటుకడ్డంగా కూచుందండీ! మీరొచ్చి ఆవిడకి నచ్చజెప్పండి, లేదంటే మీ పెట్టె మీరు పట్టుకుపోండి!"

నన్నొక్కణ్ణీ వెళ్ళమంటారనుకున్నాను. సుగుణ గారు కూడా వ్యాను ఎక్కారు.

గేటు దగ్గర కూర్చున్నావిడ పేరు అంజమ్మ. దర్శి అవతల ఊరు. నలభై అయిదు దాటి ఉంటాయి. ఏటా వాళ్ళ చేలో మొదటి కోతల్లో మంచి పండు కాయ ఏరి, విడిగా ఎండబెట్టి, రెండు బస్తాలు విత్తనానికి పెడతారు. పాత నాటు రకం, వాళ్ళత్తగారి చేతి మీదుగా వచ్చింది. వాళ్ళ ఊళ్ళోనూ పక్క ఊళ్ళోనూ ఆ విత్తనమే నారు పోస్తారు. ఇంకెక్కడా కొనడానికి దొరకదు. ఆ బస్తాల మూతికి తెల్లగుడ్డ పీలిక కట్టి, అమ్మకం కాయ పక్కనే, దాని తర్వాతి లాటుగా రాయించడం వాళ్ళ పద్ధతి. ఆవిడొక్కతే కాదు, ఆ వైపు రైతులు చాలామంది అలాగే చేస్తారు.

అమ్మకం కాయని ఆవిడ వారం కిందట ఒక వ్యాపారికి అమ్మింది. ఇప్పుడు నారుమళ్ళ వేళకి విత్తనం బస్తాలు తీసుకెళ్దామని వచ్చింది. ఆ నంబరు కొడితే మిషన్ వ్యాపారి పేరు చూపించి, సరుకు బయటికి వెళ్ళిపోయిందంటోంది.

"అమ్మేసి మళ్ళీ వచ్చి నాదంటావేంటమ్మా? మిషన్‌కేమన్నా నీ మీద పగా?" అని కోటేశ్వరరావు అరుస్తున్నాడు.

"కాయ అమ్మాను, ఇత్తనం అమ్మలేదయ్యా. ఇత్తనం ఎవరన్నా అమ్ముకుంటారా? నేనేం దొంగనా? మా ఊరోళ్ళంతా మళ్ళు దున్నుకుని నాకోసం చూస్తున్నారు. నేనేమని చెప్పను వాళ్ళకి?" చుట్టూ మూగిన జనం వింతగా చూస్తున్నారు. ఒకడు నవ్వాడు కూడా, వాడి పళ్ళు రాలగొడదామన్నంత కోపం వచ్చింది నాకు.

సుగుణ గారు అంజమ్మ చేతిలో రశీదు అడిగి తీసుకుని, మిషన్ ముందు నిలబడి ఆ నంబరు కొట్టారు. వ్యాపారి పేరు వచ్చింది. చివరి అంకె మార్చి కొట్టారు. అలాంటి లాటే లేదు, అయినా వ్యాపారి పేరే. మరో అంకె మార్చారు. మళ్ళీ అదే పేరు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "పట్టలేదు ప్రసాద్" అన్నారు మెల్లిగా.

పక్క పక్క లాట్లు రెండూ మిషన్‌కి ఒకటే అయిపోయాయి. అమ్మకం కాయ పేరు మారినప్పుడు విత్తనం పేరు కూడా మారింది. అమ్మకం కాయ లారీ ఎక్కినప్పుడు, పీలిక కట్టిన బస్తాలు కూడా ఎక్కేశాయి. ముఠా కూలీలు మిషన్ ఇచ్చిన చీటీ ప్రకారం ఎత్తారు, వాళ్ళదేం తప్పు?

అప్పుడు ఆవిడ చేసింది, పిల్లలూ, శ్రద్ధగా వినండి. కోటేశ్వరరావుని పక్కకి పిలిచి గుసగుసలాడలేదు. "చూస్తాం, పరిశీలిస్తాం" అనలేదు. జనం వైపు తిరిగి, నేను పనిచేసిన అన్నేళ్ళలో ఆ ఒక్కసారి, అందరికీ వినపడేలా అన్నారు.

"ఈవిడ అబద్ధం చెప్పట్లేదండి. అబద్ధం చెప్తోంది మా మిషన్."

నవ్వినవాడు తల దించుకున్నాడు. అంజమ్మ లేచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మరి నా ఇత్తనం ఏదమ్మా?"

"లారీ ఎటు వెళ్ళింది కోటేశ్వరరావు గారూ?"

కారం మిల్లు

లారీ పొద్దున్నే చిలకలూరిపేట రోడ్డులో ఒక కారం మిల్లుకి వెళ్ళింది. అంజమ్మతో కలిసి ముగ్గురం వ్యాన్లో బయల్దేరాం. దారి పొడుగునా సుగుణ గారు సెల్ ఫోన్లో ఒక్కో స్టోరేజీకీ అదే మాట చెప్తున్నారు. మా మిషన్ మాట నమ్మి ఒక్క బస్తా కూడా బయటికి పంపొద్దు.

ఈ లోపల సంగతి రామ్మోహనరావు గారికి చేరింది. ఆయన కేకలు వెనక సీట్లో ఉన్న నాకు ఫోన్లోంచి వినపడ్డాయి. "సుగుణగారూ, మీకేమన్నా మతి పోయిందా! సీజన్లో గేట్లు మూయిస్తే మనల్ని గుంటూరులో తిరగనిస్తారా?"

"గేట్లు మూయమనట్లేదు సార్. రశీదు చూసి, బస్తా మీద మార్కా చూసి, రైతుని అడిగి ఇవ్వమంటున్నాను."

"రైతుని అడిగి ఇచ్చేదానికి మన మిషనెందుకండీ?"

"నేనూ అదే ఆలోచిస్తున్నాను సార్" అని ఫోను పెట్టేశారు.

అంజమ్మ కిటికీలోంచి ఎదురొచ్చే లారీలనే చూస్తోంది, వాటిలో ఏదైనా తన బస్తాలు వెనక్కి తెస్తోందేమో అన్నట్టు.

మిల్లులో పెద్ద రేకుల షెడ్డు. కొంగులు ముక్కులకి కట్టుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. వాళ్ళ ముందు ఎర్రగా కాయ రాశి. అవతల మర ఆడుతోంది. అంజమ్మ చెప్పులు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది. నేను తుమ్ముతూ వెనకాల పడ్డాను. గోడకి చేరేసిన ఖాళీ గోతాల్లో ఒకదాని మూతికి తెల్లగుడ్డ పీలిక వేలాడుతోంది. దాన్ని కోసేశారు. ఆ కాయ రాశిలో కలిసిపోయింది.

అంజమ్మ రాశి ముందు చతికిలబడింది. సుగుణ గారు కూడా ఎప్పుడూ కట్టే ఆ తెల్ల చీరతోనే పక్కన కూర్చున్నారు. "ఇందులోంచి మీ కాయ ఏరగలమా అమ్మా? ఎంతసేపైనా సరే, మేం కూర్చుంటాం."

"లేదమ్మా. కలిశాక నా కాయని నేనే ఆనవాలు పట్టలేను" అంది అంజమ్మ. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఘాటుకి అక్కడ అందరికీ కారుతున్నాయి గానీ, ఆవిడవి వేరే.

నేను లారీ దగ్గరికి పరిగెత్తాను. ఇంకా సగం దించాలి. పైకెక్కి ఒక్కో బస్తా మూతీ తడుముకుంటూ పోయాను. డ్రైవరు "ఏరా, ఎవడ్రా నువ్వు, దిగరా!" అని తిడుతూనే ఉన్నాడు. క్యాబిన్ పక్కన, అడుగున, పీలిక దొరికింది.

"మేడమ్! ఉంది!" అని అరిచాను. ఆ తర్వాత చాలాసేపు దగ్గాను.

మిల్లు యజమాని తన సరుకులో బస్తా ఇవ్వనన్నాడు, సబబే మరి. బదులు బస్తా మేం తెచ్చిస్తామని సుగుణ గారు పూచీ పడితే ఒప్పుకున్నాడు. అంజమ్మ ఆ బస్తా మీద రెండు చేతులూ వేసి కూర్చుంది.

"ఒకటి చాలా అమ్మా?" అని అడిగారు సుగుణ గారు.

"మా రెండూళ్ళకీ ఎట్టాగో సర్దుతాను. పక్కూరోళ్ళకి ఈ ఏడు కాస్త తగ్గించి ఇస్తాను." పీలిక ముడి సవరిస్తూ, "నన్ను దొంగనలేదు నువ్వు, అది చాలు" అంది.

బస్తాని మా వ్యాన్లోనే దర్శి దాకా పంపించాం.

అది సంఖ్య కాదు

మర్నాడు ఆఫీసులో అందరం కూర్చున్నాం. ఒక ఇంజనీరు, మంచి తెలివైనవాడే, పెద్ద సంఖ్యల్ని రెండు ముక్కలు చేసి దాచే ఉపాయం బోర్డు మీద చకచకా రాసేశాడు. అందరం బాగుందన్నాం.

సుగుణ గారు అడిగారు. "లాటు నంబర్లని ఎప్పుడైనా ఒకదానికొకటి కూడతామా?"

"లేదండి."

"తీసేస్తామా? హెచ్చవేస్తామా?"

"లేదండి."

"మరి అది సంఖ్య ఎందుకైంది? అంకెలతో రాసిన పేరు అది. పేరుని పేరులాగే, అక్షరాలుగా దాచండి."

ఆ ఇంజను మొదటినుంచీ అక్షరాల్ని ఎంత పొడుగైనా తు.చ. తప్పకుండా దాచగలదు. మేమే వెతకడం వేగంగా ఉంటుందని సంఖ్యని చేశాం. వేగం పెద్దగా తగ్గలేదు కూడా. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఫోను నంబర్లని, ఆధార్ నంబర్లని సంఖ్యలుగా దాచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీలో ఎవరైనా ఆ పని చేస్తే నా దగ్గరికి రాకండి.

నిజంగా లెక్కపెట్టే సంఖ్యలు, తూకాలు, బస్తాలు, వాటికి మాత్రం ఆవిడ మరో కాపలా పెట్టించారు. చిప్పులో పట్టనిది ఎవరైనా కొడితే మిషన్ కుయ్యిమని ఆగిపోవాలి. రామ్మోహనరావు గారు డిస్‌ప్లే మీద ఎర్రర్ నంబరు వస్తే హుందాగా ఉంటుందన్నారు.

"ఎర్రర్ ఏడంటే గుమస్తా ఏమనుకుంటాడు సార్? తనేదో తప్పు కొట్టాననుకుని ఇంకోటి కొడతాడు. మనకి పట్టలేదని మనమే చెప్పాలి" అన్నారు ఆవిడ.

ఇంగ్లీషు అక్షరాల్లోనే అయినా, తెలుగులో 'పట్టదు' అని వచ్చేట్టు పెట్టాం. గుమస్తాలకి అది తెగ నచ్చేసింది. కొన్నాళ్ళకి మిర్చి యార్డు దగ్గర టీ కొట్లో కూడా ఎవరైనా ఇంకో టీ తాగమంటే "కుయ్, పట్టదు" అనేవాళ్ళు.

ఆ సీజనంతా మా వ్యాను స్టోరేజీల చుట్టూ తిరిగింది. ప్రతి మిషన్‌లో ప్రోగ్రాము మార్చి, రశీదులు ముందు పెట్టుకుని లాట్లన్నీ మళ్ళీ ఎక్కించాం. ఇంకా లారీ ఎక్కని విత్తనం బస్తాలు చాలానే దొరికాయి. కొందరు యజమానులు మిషన్లు తిరగ్గొట్టారు. రామ్మోహనరావు గారు ఆవిడతో నెల్లాళ్ళు ముభావంగా ఉన్నారు. మరుసటి ఏడు కోటేశ్వరరావు ఇంకో రెండు మిషన్లు కావాలని వచ్చాడు. ఎందుకయ్యా, మా మిషన్ అబద్ధం చెప్పిందిగా అంటే, "చెప్పింది, కానీ మీరు ఒప్పుకున్నారు. వేరేవాళ్ళ మిషన్ అబద్ధం చెప్తే నాకెట్టా తెలుస్తుందండీ?" అన్నాడు. దాంతో రామ్మోహనరావు గారి ముభావం వదిలింది.

కాయ కోతలయ్యాక అంజమ్మ ఒక సంచీ నిండా మిరపకాయలు తెచ్చి ఆఫీసు బల్ల మీద కుమ్మరించింది. అందరం తుమ్ములే తుమ్ములు. సుగుణ గారు ఆ రోజు సెలవు.

"ఆ మేడమ్ పేరేందయ్యా?" అని నన్నడిగింది.

చెప్పాను. రెండు సార్లు పైకి అనుకుని, సంచీ మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

దర్శి రోడ్డు

రిటైరయ్యాక ఒక పెళ్ళికి దర్శి వైపు వెళ్ళాను. రోడ్డు వారన కళ్లంలో కాయ ఎండబోసి ఉంది. సన్నగా, పొడుగ్గా, నల్లెరుపు రంగు. ఆ రంగు చూసి కారు ఆపించాను. ఒక కుర్ర రైతు కాయ తిరగేస్తున్నాడు.

"ఏ రకం బాబూ ఇది?"

"సుగుణమ్మ కాయండీ. పచ్చడికి దీన్ని మించింది లేదు. మా చుట్టుపక్కలంతా ఇదే."

నేను వంగి ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. "సుగుణమ్మంటే ఎవరు?"

"ఎవరో పెద్దావిడండీ. ఎప్పుడో విత్తనం పోతుంటే లారీకడ్డంపడి తెచ్చిందంట. మా మామ్మ చెప్పేది."

లారీ ఎక్కింది నేనురా అని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. కళ్ళు తుడుచుకున్నాను, ఘాటు వల్ల అనుకున్నాడు పాపం, మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

కార్లో కూర్చుని సుగుణ గారికి ఫోను చేశాను. ఆవిడ ఇప్పుడు చీరాలలోనే ఉంటున్నారు. కళ్ళు సరిగ్గా కనపడటం లేదు. గొంతు మాత్రం అదే, రెండోసారి అడిగితేనే వినపడుతుంది. అంతా చెప్పాను. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను కూడా, సిగ్గెందుకు. "మేడమ్, యార్డులో కూడా మీ పేరు మీదే అమ్ముతారటండీ. మిషన్‌లో మీ పేరే కొడతారట."

వింటున్నారో లేదో తెలియలేదు. "మేడమ్?" అన్నాను.

"వింటున్నాను ప్రసాద్" అన్నారు. "ఆ మిషన్‌లో నా పేరు పూర్తిగా పడుతోందా? కనుక్కున్నావా?"